పాసయిందంటే అయిపోయినట్టా? – అమెరికా చట్టసభ మాటలు కొన్ని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

  ముందు వరసలో కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న మన సోషల్ మాస్టారికి ఒక మనవి. నేనేమైనా తప్పు చెబితే మధ్యలో ఆపకండి మాస్టారూ, చివర్లో చెప్పండి.

సంఘంవారు నన్ను అడిగింది ‘అమెరికా అనుభవాలు’ అనే అంశం. నిన్న సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాను. ‘అనుభవాలు చెప్పడానికి నీ ముందు ముగ్గురున్నారు. మంచు గురించీ, గుడి గురించీ వాళ్లు చెబుతారు. నువ్వు ఆ సభ ఎలా నడుస్తుందో చెప్పు. ఈ ఊళ్లో వీధికి నలుగురి పిల్లలు అక్కడున్నారు. ఆ బిల్లు పాసయింది, ఈ పన్ను పడింది అని ఫోన్లో రోజూ ఏదో ఒకటి వస్తుంది. ఎవరికీ ఏమీ అర్థం కాదు. అర్థం కాకుండానే స్వీట్లు పంచుతారు, అర్థం కాకుండానే ఏడుస్తారు’ అన్నారు. అంటూనే లోపలికి వెళ్లి ఒక పాత హాజరు పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టారు. దాని సంగతి కాస్సేపట్లో చెబుతాను.

స్వీట్లు పంచిన వాళ్లలో మాస్టారు కూడా ఉన్నారు. 2019 జూలైలో ఒకరోజు నాకు ఫోన్ చేశారు. ‘ఒరేయ్, పేపర్లో చూశాను. 365 మంది అనుకూలం, 65 మంది వ్యతిరేకం. ఇక అయిపోయినట్టే కదరా! మీ అత్తగారికి చెప్పి కోవా తెప్పించాను’ అన్నారు. అత్తగారంటే మాస్టారి భార్య. చిన్నప్పటి నుంచీ నాకదే పిలుపు. అప్పుడు నేను, ‘లేదు మాస్టారూ, ఇంకా అవలేదు’ అంటే ఆయన నమ్మలేదు. ‘నేను మీకు పాఠం చెప్పానురా. లోక్‌సభలో అంత మెజారిటీ వచ్చాక రాజ్యసభ ఏం చేస్తుంది? మహా అయితే కాదంటుంది. అప్పుడు 108వ అధికరణం ఉంది, ఉమ్మడి సమావేశం పెడతారు’ అన్నారు. అక్కడ ఉమ్మడి సమావేశమనేది లేదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆ అరగంటతో మొదలై ఆరేళ్లుగా మా ఇద్దరి మధ్యా ఈ పాఠం నడుస్తూనే ఉంది. ఈసారి చెప్పేవాణ్ణి నేను, రాసుకునేది ఆయన.

ఆ బిల్లు దేని గురించో తెలియని వాళ్లు ఈ పందిట్లో తక్కువే ఉంటారు. అయినా రెండు ముక్కలు చెబుతాను. ఉద్యోగం మీద వెళ్లినవాళ్లకు అమెరికా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు 1,40,000. భార్యా పిల్లలకు ఇచ్చేవీ అందులోనే. 1990లో చేసిన చట్టం ప్రకారం ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతం దాటకూడదు. అంటే దాదాపు 9,800. ఎక్కడైనా మిగిలితే ఇంకొన్ని కలుస్తాయి. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. అందుకే మన క్యూ అంత పొడుగు. నేను 2012లో వెళ్లాను, 2015లో వరసలో నిలబడ్డాను. ఇవాళ్టికీ నిలబడే ఉన్నాను. ఈ ఏడు శాతం తీసేయాలన్నదే ఆ బిల్లు.

నాకు ఫర్వాలేదు, ఉద్యోగముంది. చిక్కు పిల్లలతో. క్యూలో ఉండగా పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి వాళ్ల పేరు జారిపోతుంది. ఆ వయసు కట్టడంలో కొన్ని తీసివేతలున్నాయి గానీ మా ఇంట్లో అవి అక్కరకు రాలేదు. మా అమ్మాయి ఈ ఊరి ఆసుపత్రిలోనే పుట్టింది, 2004లో. ఎనిమిదో ఏట అక్కడికి వచ్చింది. ఈ చరిత్ర వినేటప్పుడు ఆ 2004ని గుర్తుపెట్టుకోండి.

మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. అమెరికాలో ‘కాంగ్రెస్’ అంటే పార్టీ కాదు, పార్లమెంటు. మా మేనమామ చాలాకాలం, ‘మీ బిల్లుని కాంగ్రెస్ వాళ్లు అడ్డుకుంటున్నారట, మన ఎమ్మెల్యేతో మాట్లాడనా?’ అనేవాడు. దానిలో రెండు సభలు. 435 మంది ఉండే ప్రతినిధుల సభని హౌస్ అంటారు. వాళ్ల పదవి రెండేళ్లే. రెండోది సెనేట్. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది, ఆరేళ్ల పదవి. దాదాపు నాలుగు కోట్ల జనం ఉన్న కాలిఫోర్నియాకీ ఇద్దరే, ఆరు లక్షలు కూడా లేని వయోమింగ్‌కీ ఇద్దరే. మన రాజ్యసభలో జనాభాని బట్టి సీట్లుంటాయి కాబట్టి ఇది మనకు వింతగా ఉంటుంది. అదీగాక మన రాజ్యసభ పెద్దల సభే గాని, చివరికి మాట చెల్లేది ఎక్కువగా లోక్‌సభదే. అక్కడ సెనేట్ కాదంటే అంతే. బతిమాలడం తప్ప దారి లేదు.

ఇలా మనకూ వాళ్లకూ ఒకటే మాట ఉండి, అర్థం వేరైనవి చాలా ఉన్నాయి. స్పీకర్ అంటే మనకు పార్టీని పక్కనపెట్టి కుర్చీలో కూర్చోవలసిన మనిషి. అక్కడ హౌస్ స్పీకరంటే మెజారిటీ పార్టీకి నాయకుడే. ఏ బిల్లు సభలోకి రావాలో, ఏది రాకూడదో దాదాపు ఆయన చేతిలోనే. విప్ కూడా అంతే. మన దగ్గర విప్ కాదని ఓటేస్తే పదో షెడ్యూలు కింద సభ్యత్వమే పోవచ్చు. అక్కడ విప్ చేయగలిగింది లెక్కపెట్టడం, నచ్చజెప్పడం, బుజ్జగించడం. 2017 జూలై 28 తెల్లవారుజామున, ఒబామా ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేసే బిల్లు సెనేట్‌కి వచ్చింది. సొంత పార్టీ బిల్లు. జాన్ మెకెయిన్ నడుచుకుంటూ వచ్చి బొటనవేలు కిందికి చూపించాడు. 49–51తో బిల్లు పోయింది. ఆయన సీటు మాత్రం పోలేదు. పార్టీవాళ్లు కోపగించుకున్నారు, అంతకు మించి ఏమీ చేయలేకపోయారు. అందుకే అక్కడ ‘అధికార పార్టీ బిల్లు, కాబట్టి పాసవుతుంది’ అనే లెక్క నడవదు.

ఇప్పుడు మాస్టారి హాజరు పట్టీ. నేను ఫోన్లో ఒక మాట చెబితే ఆయన పిల్లల పేర్లు రాసే చోట దాన్ని రాసి, పక్కన తనకు తోచిన తెలుగు మాట పెట్టేవారు. అమెరికా వాళ్ల నిఘంటువుల కంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది. ఆయన అనుమతితోనే చదువుతున్నాను.

మొదటి పేజీలో ‘హాపర్ – హుండీ’ అని ఉంది. హౌస్‌లో గుమస్తా బల్ల పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. సభ్యుడెవరైనా బిల్లు ప్రవేశపెట్టాలంటే కాగితం అందులో వేస్తే చాలు. హుండీలో ఎవరైనా ఎంతైనా వేయవచ్చు, దేవుడు కోరిక తీర్చాలని లేదు కదా. ఒక్కో కాంగ్రెస్‌లో, అంటే రెండేళ్లలో, పది వేలకు పైగా బిల్లులు పడతాయి. చట్టాలయ్యేవి కొన్ని వందలు. కాబట్టి ‘అమెరికాలో కొత్త బిల్లు ప్రవేశపెట్టారు’ అని మీ ఫోన్‌కి కబురొస్తే, ఎవరో హుండీలో కాగితం వేశారని అర్థం చేసుకోండి. గ్రీన్‌కార్డులు పెంచేదైనా, హెచ్‌-1బి ఎత్తేసేదైనా అంతే. ఆ రోజుకి సంతోషమూ వద్దు, భయమూ వద్దు.

రెండోది ‘కమిటీ – అటక’. హుండీలోంచి తీసిన కాగితం ఆ విషయానికి సంబంధించిన కమిటీకి వెళుతుంది. వలసలకు సంబంధించినవి జ్యుడీషియరీ కమిటీకి. ఎక్కువ బిల్లుల కథ ముగిసేది అక్కడే. ఎవరూ ఓడించరు, ఎవరూ తిట్టరు, అటక మీద పెడతారు, అంతే. కమిటీ అధ్యక్షుడికి ఇష్టముంటే విచారణ పెడతాడు, తర్వాత ‘మార్కప్’ అని ఒక కూర్పు సమావేశం పెట్టి వాక్యం వాక్యం దిద్ది సభకి పంపుతాడు. ఇష్టం లేకపోతే ఆ కాగితం దుమ్ము పడుతూ ఉంటుంది. అటక మీంచి బలవంతంగా దించడానికి హౌస్‌లో ఒక నిచ్చెన ఉంది. ‘డిశ్చార్జ్ పిటిషన్’ అంటారు. 218 మంది సభ్యులు, అంటే సగానికి పైన, సంతకాలు పెట్టాలి. స్పీకర్‌కి ఇష్టం లేని పని కాబట్టి ఆ సంతకం పెట్టడానికి సొంత పార్టీవాళ్లు జంకుతారు. నిచ్చెన ఎక్కి దించినవి తక్కువ.

2019లో మన బిల్లు అటక మీద ఉండిపోలేదు. ‘సస్పెన్షన్ ఆఫ్ ది రూల్స్’ అనే పద్ధతిలో సభకి వచ్చింది. మాస్టారు దీనికి ‘అడ్డదారి’ అని రాసి, కొట్టేసి, ‘దగ్గరిదారి’ అని దిద్దారు. దిద్దిందే సరైనది. పెద్దగా వివాదం లేదనుకున్న బిల్లులకు మామూలు నియమాలను కాసేపు పక్కనపెడతారు. 40 నిమిషాల చర్చ, సవరణలు ఉండవు. బదులుగా నెగ్గడానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 2019 జూలై 10న వచ్చిన 365–65 ఆ ఓటే. అన్ని ఓట్లు రావడం నిజంగా గొప్పే. అయితే ఇలాంటి బిల్లే 2011లో 389–15తో నెగ్గింది. నెగ్గి, సెనేట్‌కి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. నాకు ఆ సంగతి తెలుసు. అందుకే కోవా దగ్గర నీళ్లు నమిలాను.

సెనేట్‌లో ఎందుకు ఉండిపోయిందో చెప్పాలంటే ఈ పట్టీలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట చదవాలి. ‘అబ్జెక్షన్ – తుమ్ము’.

సెనేట్ చిన్న ఊరి పంచాయితీ లాంటిది. దాని రోజువారీ పని చాలావరకు ‘యునానిమస్ కన్సెంట్’ మీద నడుస్తుంది. అంటే ఏకగ్రీవ సమ్మతి. ఒక సభ్యుడు లేచి, ‘ఫలానా బిల్లుని చర్చ లేకుండా ఆమోదిద్దామని కోరుతున్నాను, ఎవరికీ అభ్యంతరం లేదు కదా’ అంటాడు. ఎవరూ మాట్లాడకపోతే బిల్లు నెగ్గినట్టే. ఓటు ఉండదు, లెక్కింపు ఉండదు. వందమందిలో ఒక్కరు లేచి ‘ఐ అబ్జెక్ట్’ అన్నారా, ఆ దారి ఆ రోజుకి మూసుకుపోతుంది. గడప దాటబోతుంటే ఎవరో తుమ్మినట్టు. మళ్లీ కాళ్లు కడుక్కుని కూర్చోవడమే. తుమ్మబోతున్నానని ముందే తన పార్టీ నాయకుడికి కబురు పెట్టడాన్ని ‘హోల్డ్’ అంటారు. దానికి మాస్టారి మాట ‘అడ్డుపుల్ల’. ఒకప్పుడు పుల్ల పెట్టింది ఎవరో బయటికి తెలిసేది కూడా కాదు.

2019 వేసవి నుంచి మన బిల్లు మీద తుమ్ములు వరసగా పడ్డాయి. ఒకసారి ఒకాయన, ఇంకోసారి ఇంకొకాయన, మరోసారి అవతలి పార్టీ ఆయన. నేను వాళ్లని తిట్టుకోలేదని చెబితే అబద్ధమవుతుంది. కానీ మాస్టారు అడిగేవారు, ‘ఆయన అడ్డం పడ్డాడు సరే, ఏమని పడ్డాడు?’ అని. చదివి చెప్పాల్సి వచ్చేది. ఒకరు నర్సుల గురించి మాట్లాడారు. వాళ్ల ఆసుపత్రులకు నర్సులు ఎక్కువగా వేరే దేశాల నుంచి వస్తారు, మన క్యూ ముందుకు జరిగితే వాళ్లది వెనక్కి పోతుంది. ఇంకొకరు, మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా వరస మాత్రం మారిస్తే ఒకరి కష్టం ఇంకొకరికి బదిలీ చేసినట్టే కదా అన్నారు. నేను ఇప్పటికీ ఆ బిల్లు పక్షమే. కానీ ఆ ప్రశ్నలు దొంగ ప్రశ్నలు కావు. ఫిలిప్పీన్స్‌లో మనలాంటి బడి పూర్వ విద్యార్థుల సభలో ఎవరో నాకు ఎదురు ప్రసంగం చేస్తూ ఉండొచ్చు.

ఏకగ్రీవం కుదరకపోతే మామూలుగా చర్చ పెట్టి ఓటేయొచ్చు కదా అంటారా? అక్కడే ‘ఫిలిబస్టర్’ ఉంది. ఈ మాటకి డచ్చి, స్పానిష్ భాషల్లో మూలార్థం సముద్రపు దొంగ. సెనేట్‌లో చర్చకి గడువు లేదు. ముగించడానికి వీల్లేకుండా సాగదీసి బిల్లుని ఓటు దాకా రానీయకపోవడమే ఫిలిబస్టర్. మాస్టారు పెట్టిన పేరు ‘జీళ్లపాకం’. 1957లో పౌరహక్కుల బిల్లుకి వ్యతిరేకంగా స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటర్ ఒక్కడే 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. ఇప్పుడు అంత శ్రమ కూడా అక్కర్లేదు. సాగదీస్తామని చెబితే చాలు, సాగదీసినట్టే లెక్క. దాన్ని ఆపాలంటే ‘క్లోచర్’ అనే తీర్మానం నెగ్గాలి. మాస్టారి పట్టీలో ‘లాంగ్ బెల్’. 1917లో తెచ్చిన నియమం ఇది. మొదట మూడింట రెండొంతులు కావాలన్నారు, 1975లో 60 ఓట్లకు తగ్గించారు. అందుకే 51 మంది బలమున్న పార్టీ కూడా సెనేట్‌లో చేతులు కట్టుకుని కూర్చుంటుంది. లాంగ్ బెల్ కొట్టడానికి 60 చేతులు కావాలి.

లాంగ్ బెల్ గురించి ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1964లో, నల్లజాతివారికి సమాన హక్కులిచ్చే బిల్లుని దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా సాగదీశారు. జూన్ 10న క్లోచర్ ఓటు పెట్టారు. అప్పటి నియమం ప్రకారం 67 కావాలి. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కంతి, మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు పిలిచారు. నోరు పెగల్లేదు. ఆయన మెల్లిగా చెయ్యెత్తి తన కన్ను చూపించాడు. ఇంగ్లీషులో ‘అవును’ ఓటుకి అనే ‘ఐ’, కన్ను అనే ‘ఐ’ ఒకేలా పలుకుతాయి. ఓటు రాసుకున్నారు. 71–29. ఆ తర్వాత రెండు నెలలు కూడా ఆయన బతకలేదు. ఆ మరుసటి ఏడాది, 1965లో, అదే కాంగ్రెస్ భవనంలో వలస చట్టం మారింది. అంతకుముందు ఇండియా మొత్తానికీ ఏటా వందమంది అనే కోటా ఉండేది. ఇవాళ ఈ పందిట్లో అమెరికా నుంచి వచ్చి కూర్చున్నవాళ్లందరూ 1965లో తెరిచిన ఆ తలుపులోంచి వెళ్లినవాళ్లే. తుమ్మేదీ ఆ సభే, తలుపు తీసేదీ ఆ సభే. నేను దాన్ని ఊరికే తిట్టలేకపోవడానికి అదొక కారణం.

సరే, మన బిల్లు. తుమ్మినవాళ్లతో ఒక్కొక్కరితో మాట్లాడి, వాళ్లు కోరిన సవరణలు చేర్చుకుంటూ వచ్చారు. 2020 డిసెంబరు 2న మళ్లీ సెనేట్‌లో అడిగారు. మా అమ్మాయి, నేనూ కంప్యూటర్‌లో చూస్తున్నాం. సభ దాదాపు ఖాళీ. ‘అభ్యంతరం ఉందా?’ అని అడిగారు. ఎవరూ తుమ్మలేదు. కొద్ది నిమిషాల్లో బిల్లు నెగ్గింది. గంటలు మోగలేదు, చప్పట్లు లేవు. ‘అయిపోయిందా నాన్నా?’ అంది. అప్పటికి దానికి పదహారేళ్లు. ‘ఇంకా లేదమ్మా’ అన్నాను.

ఎందుకంటే హౌస్ నెగ్గించిన బిల్లు వేరు, సెనేట్ సవరించి నెగ్గించిన బిల్లు వేరు. రెండు సభలూ ఒకే పాఠాన్ని, కామాతో సహా, ఆమోదిస్తేనే అది అధ్యక్షుడి బల్ల మీదికి వెళుతుంది. తేడాలు సర్దడానికి ఒకప్పుడు ‘కాన్ఫరెన్స్ కమిటీ’ అని రెండు సభల పెద్దలు కూర్చునేవారు. రెండు వియ్యాలవారూ కూర్చుని కట్నాలు మాట్లాడుకున్నట్టు అన్నమాట. ఇప్పుడు అది తగ్గిపోయి, బిల్లుని అటూ ఇటూ పంపుకోవడమే ఎక్కువైంది. దాన్ని అక్కడివాళ్లు పింగ్‌పాంగ్ అంటారు. మన బిల్లు బంతి హౌస్ వైపు పడింది. వాళ్లు దాన్ని తిరిగి కొట్టలేదు.

టైము లేదు. నవంబరు ఎన్నికలైపోయి, ఓడినవాళ్లు ఇంకా దిగక, నెగ్గినవాళ్లు ఇంకా ఎక్కని రోజులవి. ఆ కాలంలో జరిగే సమావేశాన్ని ‘లేమ్ డక్’, కుంటి బాతు, అంటారు. ఈ మాటకి మాస్టారు రాసింది చూసి నిన్న నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. ‘దింపుడు కళ్లం’. శ్మశానానికి తీసుకెళ్తూ దారిలో ఒకచోట దించి, చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తారు చూడండి, ఏమో లేస్తారేమోనని, అదీ. పాత బిల్లులు కొన్ని నిజంగానే ఆ చివరి వారాల్లో లేచి కూర్చుంటాయి. మనది లేవలేదు.

తర్వాత వచ్చేది ‘సైనీ డై’. మాస్టారు ‘పలక తుడవడం’ అని రాశారు. ప్రతి బేసి సంవత్సరం జనవరి 3న పాత కాంగ్రెస్ ముగిసి కొత్తది మొదలవుతుంది. చట్టం కాని బిల్లులన్నీ ఆ క్షణంతో చచ్చిపోతాయి. మన దగ్గర రాజ్యసభలో ప్రవేశపెట్టి అక్కడే ఉన్న బిల్లు, లోక్‌సభ రద్దయినా బతికి ఉంటుంది. అక్కడ అలాంటిదేమీ లేదు. ఒక సభలో నెగ్గినదైనా, రెండు సభల్లో నెగ్గి కామా దగ్గర ఆగినదైనా, అన్నిటికీ ఒకటే తడిగుడ్డ. 116వ కాంగ్రెస్ 2021 జనవరి 3న ముగిసింది. హౌస్‌లో 365 ఓట్లు, సెనేట్‌లో ఒక్క తుమ్మూ లేని సమ్మతి. రెండూ వచ్చిన బిల్లు ఆ మధ్యాహ్నానికి లేదు. మళ్లీ హుండీ, మళ్లీ అటక. 2022 డిసెంబరులో ఇంకో పేరుతో హౌస్ కార్యక్రమంలో పెట్టారు, ఓటుకి ముందే తీసేశారు. మళ్లీ పలక తుడిచారు.

ఇంత అడ్డం ఉంటే అసలు ఆ దేశంలో పనులెలా అవుతున్నాయి అని అడగవచ్చు. బడ్జెట్‌కి సంబంధించిన వాటికి ‘రీకన్సిలియేషన్’ అని ఒక ప్రత్యేక మార్గముంది. దానికి ఫిలిబస్టర్ వర్తించదు, మామూలు మెజారిటీ చాలు. కానీ అందులో పెట్టే ప్రతి అంశమూ ప్రధానంగా డబ్బుకి సంబంధించినదై ఉండాలి. అవునో కాదో చెప్పేది ‘పార్లమెంటేరియన్’. ఇది మరో మోసపు మాట. మనం ఉత్తమ పార్లమెంటేరియన్ అంటే గొప్ప సభ్యుడు. అక్కడ ఆమె ఎన్నికైన మనిషే కాదు, నియమాలు చెప్పే ఉద్యోగి. 2021లో వలసదారులకు ఊరటనిచ్చే అంశాలను ఆ దారిలో పంపాలని మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ, ఇది డబ్బు విషయం కాదు, విధానం విషయం అని సలహా ఇచ్చింది. ఆగిపోయాయి.

అదే దారిలో 2025లో వచ్చిన ఒక సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అమెరికా నుంచి ఇంటికి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను పడిందని మే నెలలో ఈ ఊరంతా గోల. నాకు ఒకే రోజు పదకొండు ఫోన్లు వచ్చాయి. అప్పటికి అది హౌస్ కమిటీ కాగితంలో ఉన్న మాట. హౌస్‌లో నెగ్గేసరికి 3.5 శాతమైంది. సెనేట్‌కి వెళ్లేసరికి 1 శాతానికి దిగింది, అదీ నగదు, మనియార్డరు లాంటి వాటితో పంపేవారికే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవారికి లేదు. సెనేట్‌లో అటు 50, ఇటు 50 పడితే, సభకి అధ్యక్షత వహించే ఉపాధ్యక్షుడు ఓటేసి 51 చేశాడు. జూలై 4న సంతకమైంది. ఈ జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మే నెలలో ఏడ్చినవాళ్లు జూలై దాకా ఆగి ఉంటే అంత ఏడుపు తగ్గేది. మాస్టారు మాత్రం ఆ పదకొండుమందిలో లేరు. ‘ఏ గదిలో ఉందో కనుక్కో’ అని మెసేజ్ పెట్టారు, అంతే.

షట్‌డౌన్ గురించి కూడా అడిగారు. ఏటా సెప్టెంబరు 30తో ప్రభుత్వ ఖర్చులకు అనుమతి అయిపోతుంది. కొత్త బడ్జెట్ బిల్లులు సిద్ధం కాకపోతే, పాత లెక్కనే కొన్ని వారాలు నడుపుకోమని ‘కంటిన్యూయింగ్ రిజల్యూషన్’ చేస్తారు. చేబదులు లాంటిది. అది కూడా రీకన్సిలియేషన్ దారి కాదు కాబట్టి సెనేట్‌లో 60 కావాలి. గత అక్టోబరు 1న ఆ 60 దొరకలేదు. 43 రోజులు ఆఫీసులు మూతపడ్డాయి. అప్పటివరకు అక్కడి చరిత్రలో అన్నిటికంటే పొడుగైనది అదే. అన్ని ఖర్చుల బిల్లులూ కలిపి చివర్లో ఒకే కట్టగా తెస్తే ‘ఓమ్నిబస్’. మాస్టారు ‘పెళ్లి బస్సు’ అన్నారు. పెళ్లికి సంబంధం లేకుండా దారిలో ఎక్కేసే బిల్లులు ‘రైడర్లు’. బస్సు ఆపడానికి ఎవరికీ మొహమాటం విడదు కాబట్టి వాళ్లూ ఊరు చేరిపోతారు. మన బిల్లు ఎప్పటికైనా చేరితే ఇలా ఏదో బస్సులోనే చేరుతుందని నాకు అనుమానం.

అధ్యక్షుడి వీటో సంగతి పేపర్లలో చదివే ఉంటారు, వదిలేస్తున్నాను. ‘పాకెట్ వీటో’ ఒక్కటి చెబుతాను. బిల్లు చేరాక ఆదివారాలు మినహా పది రోజుల్లో సంతకమూ పెట్టక, తిప్పీ పంపక ఊరుకుంటే అది దానంతటదే చట్టమవుతుంది. కానీ ఆ పది రోజుల్లోపు కాంగ్రెస్ ముగిసి ఇంటికి వెళ్లిపోతే బిల్లు చచ్చినట్టే. జేబులో పెట్టుకుని కూర్చోవడమన్నమాట.

మా అమ్మాయికి పోయిన ఏడాది 21 నిండింది. మా క్యూలోంచి పేరు జారిపోయింది. ఇప్పుడు విద్యార్థి వీసా మీద ఉంది. చదువయ్యాక ఉద్యోగం దొరికితే, వాళ్లు దరఖాస్తు పెడితే, క్యూ చివర కొత్తగా నిలబడాలి. పుట్టింది ఇక్కడ కాబట్టి అది కూడా ఇండియా క్యూయే. ఈ ఉత్సవాలకి వస్తానంది. నా పాస్‌పోర్టులో వీసా ముద్రకి ఇంకా గడువుంది. తనకి కొత్త ముద్ర కావాలి, వస్తే తిరిగి ఎప్పుడు వెళ్లగలదో తెలియదు. అందుకని రాలేదు. మీ అందరికీ నమస్కారాలు చెప్పమంది. అత్తగారి చేతి కోవా తెమ్మంది.

ఇప్పుడు నడుస్తున్నది 119వ కాంగ్రెస్. 2027 జనవరి 3న దాని పలక తుడుస్తారు. ఈలోపు మీ ఫోన్లలోకి ‘శుభవార్త, గ్రీన్‌కార్డు బిల్లు పాసయింది’ అని ఏదైనా వస్తే, పంపినవాణ్ణి అడగండి. హుండీలోనా, అటక మీదా, హౌస్‌లోనా, సెనేట్‌లోనా? రెండు సభల కాగితమూ ఒకటేనా? జవాబు చెప్పలేకపోతే ఇంకొకరికి పంపకండి.

నాకిచ్చిన సమయం అయిపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. ఇక్కడ 60 ఓట్లు అక్కర్లేదు, అదొక్కటి నయం. మాస్టారు చెయ్యెత్తారు. తుమ్మడానికి కాదనుకుంటాను. మైకు అటివ్వండి.